పిల్లల గదిలో స్ప్రింగులు

నా ఉద్యోగం ఏమిటని చుట్టాలు అడిగితే మొదట్లో వివరంగా చెప్పేదాన్ని. ఉక్కు స్ప్రింగును నొక్కి, రెండు పలకల మధ్య పెట్టి బోల్టుతో బిగించి, అట్లనే చాలాకాలం వదిలేసి, తర్వాత విప్పి, దాని బలం ఎంత తగ్గిందో కొలుస్తాను అని. మా చిన్నత్త ఒకసారి అంతా ఓపిగ్గా విని, "అంటే ఆ చాలాకాలం నువ్వేం చేస్తావు, దాన్ని చూస్తా కూర్చుంటావా?" అని అడిగింది. ఆలోచిస్తే అంతే. అప్పట్నుంచి ఎవరడిగినా "కంపెనీలో క్వాలిటీ" అని చెప్పి ఊరుకుంటాను. ఆ మాటకు అర్థం ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ గౌరవంగా తల ఊపుతారు.

మేముండేది తిరుత్తణిలో. మా స్ప్రింగుల కంపెనీ తిరువళ్ళూరు బయట, ఇండస్ట్రియల్ ఎస్టేటులో. పొద్దున ఎలక్ట్రిక్ ట్రైనులో పోయి సాయంత్రం అదే ట్రైనులో వస్తాను. కృత్తిక రోజుల్లో కొండమీది గుడికి పోయే కావడి మొక్కులోళ్ళతో పెట్టెలు నిండిపోయి కాలు పెట్టే సందుండదు. మిగతా రోజుల్లో నాలాంటి ఉద్యోగస్తులూ, పూలబుట్టలూ, ఫోన్లో గట్టిగా మాట్లాడే కాలేజీ పిల్లలూ. ఇంట్లో తెలుగు, ట్రైనులో అరవం, కంపెనీ ఈమెయిల్లో ఇంగ్లీషు. మూడూ అంతంతమాత్రమే.

ఈ కథ మొదలయ్యేటప్పటికి మాకొక పెద్ద కొనుగోలుదారు దొరికినాడు. బాయిలర్ల మీద పెట్టే సేఫ్టీ వాల్వులు చేసే కంపెనీ అది. లోపల ఆవిరి హద్దు మీరితే ఆ వాల్వు తెరుచుకోవాలి, మీరనంతకాలం గట్టిగా మూసుకొని ఉండాలి. మూసి పట్టుకొనేది స్ప్రింగే. ఏండ్ల తరబడి అది నలిగి కూర్చొని ఉంటుంది. బయటికి చూస్తే ఏ మార్పూ కనబడదు, బిగించిన ఎత్తులోనే ఉంటుంది. కానీ ఉక్కు లోపల్లోపల సర్దుకొని, తిరిగి తోసే బలం కొంచెం కొంచెంగా తగ్గుతుంది. దాన్ని ఇంగ్లీషులో రిలాక్సేషన్ అంటారు. బోల్టు కింద పడి ఏడాది పొడుగునా నలిగేదానికి ఆ పేరు పెట్టినది ఎవరో నాకు తెలియదు గానీ, ఏదో ఒక కంపెనీలో మేనేజరుగా చేసుంటాడని నా అనుమానం.

వేడి పొయ్యిలో పెట్టి కొద్దిరోజుల్లో చేసే పరీక్ష ఒకటుంది. అది మాకు అలవాటే. ఈ కొనుగోలుదారు దాంతో సరిపెట్టుకోలేదు. మామూలు గది వేడిలో, ఆ వేడి ఎక్కువా తక్కువా కాకుండా, ఏడాదిపాటు బిగించిపెట్టి చూపించమన్నాడు.

మా ఫ్యాక్టరీ మేనేజరు నన్ను క్యాబిన్లోకి పిలిచినాడు. వాళ్ళింట్లోనూ తెలుగే. అయినా ఫ్యాక్టరీలో అరవమే మాట్లాడతాడు. ఎవరినైనా బుజ్జగించాలన్నా, ఏదైనా దాచాలన్నా మాత్రం తెలుగులోకి వస్తాడు. ఆ రోజు తెలుగులోనే మొదలుపెట్టినాడు.

"ఏమ్మా, ఈ ఏడాది పరీక్షను ఒక రెండు నెలల్లో ముగించలేమా?"

"ఏడాది పరీక్షకు ఏడాది పడుతుంది సార్."

ఆయన కొంచెంసేపు నన్నే చూసినాడు, నేనేదో మొండికేసినట్టు.

"ఆదివారాలు కూడా చేస్తే?"

"ఆదివారాలు కూడా కలిపే సార్ ఏడాది."

సరేనన్నాడు. ఇంక మిగిలింది గది. మా ల్యాబులో ఏసీ ఉంది కానీ సాయంత్రం ఆరైతే కరెంటు మిగలబెట్టాలని ఆపేస్తారు. స్ప్రింగులకు షిఫ్టు ఉండదు కదా. రాత్రింబవళ్ళు ఒకే చల్లదనం ఉండే గది కావాలంటే కంపెనీ మొత్తానికి ఒకటే కనబడింది. అది పిల్లల గది.

ఇంతమంది ఆడవాళ్ళు పనిచేసే చోట బిడ్డల్ని ఉంచుకొనేదానికి గది ఒకటి పెట్టాలని చట్టం ఉంది. మా కంపెనీలో ప్యాకింగులోనూ, చెకింగులోనూ అంతా ఆడవాళ్ళే. అంతకు ముందెప్పుడో ఒక ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే ఆదరాబాదరాగా ఈ గది తయారుచేసినారు. గోడల మీద పెయింటరు చేత కుందేలూ ఏనుగూ వేయించినారు. ఏనుగుకు తొండం పెట్టే చోటు చాలక పందిలాగా తేలింది. రెండు ఊయలలు, ప్లాస్టిక్ కవరు కూడా తీయని చెక్కగుర్రం ఒకటి, గోడకు కొత్త ఏసీ. వాకిలి మీద పెద్ద అక్షరాలతో అరవంలో 'కుళందైగళ్ కాప్పగం' అని బోర్డు, అంటే పిల్లల్ని చూసుకొనే చోటు. ఇన్‌స్పెక్షన్ బాగా జరిగింది. ఒక్క బిడ్డ కూడా ఆ గదిలోకి రాలేదు. రమ్మని ఎవరూ చెప్పలేదు, రావచ్చునా అని ఎవరూ అడగలేదు.

ఆ గదిలో అరలుండే ఇనుప రాకు పెట్టించి, బిగించిన స్ప్రింగుల్ని వరసగా పేర్చినాను. ఏసీ ఎప్పుడూ ఆగకుండా కట్టుదిట్టం చేసినాను. థర్మామీటరు తగిలించేదానికి గోడకు మేకు కొట్టనీయలేదు, పెయింటింగు పాడవుతుందని. అందుకని ఊయల గొలుసుకు తగిలించినాను. కొనుగోలుదారుకు పంపిన రిపోర్టులో మేనేజరు ఆ గదికి 'కంట్రోల్డ్ టెస్ట్ రూమ్' అని పేరు పెట్టినాడు. లేబరు ఆఫీసు కాగితాల్లో అది పిల్లల గదే. రెండూ అబద్ధం కాదని ఆయన వాదన.

నాకు మాత్రం ఆ గది సుఖంగా ఉండేది. బయట తిరువళ్ళూరు ఎండ, గ్రైండింగు రొద. లోపల చల్లగా, నిశ్శబ్దంగా, కుందేలు పక్కన. రోజుకు ఒకసారి థర్మామీటరు చూసి పావుగంటలో ముగించగల పనిని నేను చాలా శ్రద్ధగా, నిదానంగా చేసేదాన్ని.

కొన్ని నెలలు గడిచినాక ఒక పొద్దున ఎవరో తలుపు తట్టినారు. నా గుర్తులో ఆ తలుపు ఎవరూ తట్టింది లేదు. తీస్తే ప్యాకింగులో కొత్తగా చేరిన అమ్మాయి. చంకలో ఏడాదిన్నర బిడ్డ, భుజానికి పాలసీసా పెట్టిన సంచి.

"అక్కా, ఇది పిల్లల రూమే కదా?" అని అరవంలో అడిగింది.

నేను తల తిప్పి గదిని చూసినాను, ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసినట్టు.

"ఎవరు చెప్పినారు నీకు?" అన్నాను. తడబాటులో తెలుగు వచ్చేసింది.

ఆ పిల్ల ముఖం విప్పారింది. "మీరు తెలుగా అక్కా? ఎవురూ చెప్పలే. బోర్డు ఉండాది గదా, చదివినా."

తిరుత్తణికి అవతల, ఆంధ్రా ఎల్లకు దగ్గరుండే ఊరు వాళ్ళది. మొగుడు కాట్టుపల్లి రేవులో కాంట్రాక్టు పని, పదిహేను రోజులకొకసారి ఇంటికొస్తాడు. ఇంతవరకూ బిడ్డను అత్త చూసుకొనేది. ఇప్పుడు ఆమె ఊత్తుకోటలో కూతురి కాన్పుకు పోయింది, ఎప్పుడొస్తుందో తెలియదు.

"ఈ గదిలో స్ప్రింగులు పెట్టినారమ్మా. బిడ్డకు మంచిది కాదు. బోల్టు ఊడితే తుపాకి గుండు మాదిరి ఎగురుతాయి," అన్నాను.

ఆమె రాకు వైపు చూసింది. బిడ్డ కూడా చూసింది, చాలా ఇష్టంగా.

"మరి అవి యాడైనా పెట్టుకోవచ్చు గదా అక్కా. బిడ్డనైతే యాడంటే ఆడ పెట్టలేము."

ఆమెను మేనేజరు దగ్గరికి తీసుకుపోయినాను. ఆయన బిడ్డను చూసి నవ్వి, ఏం పేరని అడిగి, బుగ్గ తాకి, తెలుగులో మొదలుపెట్టినాడు. అంటే లాభం లేదని నాకు అర్థమైంది.

"ఆ రూములో ముఖ్యమైన టెస్టు జరగతా ఉందమ్మా. చిన్నబిడ్డకు డేంజరు. రూలు ఒప్పుకోదు."

"అట్లయితే ఆ బోర్డు తీసేయండి సార్," అంది ఆ పిల్ల. కోపంగా కాదు, మామూలుగానే.

"బోర్డు తీయకూడదు. అది కూడా రూలే."

"మరెప్పుడు పెట్టొచ్చు సార్?"

"టెస్టు అయిపోనీ. ఇంకా కొన్ని నెలలే."

"అప్పటికి ఇది ఇస్కూలుకు పోతాది సార్," అని బిడ్డను ఇంకో చంకకు మార్చుకొని వెళ్ళిపోయింది.

రెండురోజులు ప్యాకింగులో అట్టపెట్టెల వెనకాల ఆ బిడ్డ నిద్రపోయింది. సూపర్‌వైజరు చూసీ చూడనట్టు పోయినాడు. మూడోరోజు ఆ పెట్టెల్లో ఒకటి లారీకి ఎక్కించబోతే కొద్దిగా బరువుగా ఉందని కూలీ అతను మూత తీసి చూసినాడు. లోపల బిడ్డ కూర్చొని ఫోము షీటు కొరుకుతా ఉంది. దాంతో అది కూడా వద్దన్నారు. గేటు ఎదురుగా టీకొట్టు పెట్టుకున్న ఒక నడివయసు ఆమె ఉంది. తల్లి బిడ్డను పగలంతా ఆమె దగ్గర వదలడం మొదలుపెట్టింది. టీకొట్టు వెనకే రోడ్డు, రోడ్డు మీద లారీలు. ప్యాకింగు కిటికీలో నుంచి ఆ తల్లి ఐదు నిమిషాలకొకసారి తొంగిచూసేది. ఆమె కట్టిన పెట్టెల్లో ఆ వారం చాలా లెక్కలు తప్పినాయి.

నాకు ఆ చల్లటి గదిలో కూర్చోవడం మునుపటంత బాగా అనిపించలేదు. మళ్ళీ మేనేజరు దగ్గరికి పోయినాను.

"సార్, బోల్టు వదులు కానంతవరకు స్ప్రింగుల్ని యాడికైనా మోసుకుపోవచ్చు. ఆగకుండా ఏసీ ఉండే గది ఇంకోటి ఉంటే చాలు. మార్చేస్తాను."

"మంచిదే. అట్లాంటి గది యాడ ఉంది చెప్పు?"

ఇద్దరం ఆయన క్యాబిన్లో, ఆయన ఏసీ కింద కూర్చొని చాలాసేపు ఆలోచించినాము. స్టోరు రూము, క్యాంటీను, వాచ్‌మ్యాన్ గది, అన్నీ ఒకటొకటిగా తలుచుకొని కాదనుకున్నాము. ఏదీ తోచలేదు.

ఇట్లా ఉండగా ఒక సాయంత్రం మేనేజరు మళ్ళీ పిలిపించినాడు. మరుసటిరోజు కొనుగోలుదారు ఇంజనీరు పూణే నుంచి వస్తున్నాడట, పరీక్ష ఎట్లా జరుగుతుందో కళ్ళారా చూడ్డానికి. అదేరోజు లేబరు ఇన్‌స్పెక్టరు కూడా వస్తుందట. ఇద్దరూ చూడాల్సింది ఒకే గది.

మేనేజరుకు కంగారు లేదు. "ఇంజనీరు పొద్దున వస్తాడు. ఆమె మధ్యాహ్నం. పొద్దున అది టెస్టు రూము. మధ్యాహ్నం పిల్లల రూము. నడమ లంచికి గంట ఉంది. రాకు మీద ఒక పూలదుప్పటి కప్పి, ముందర బొమ్మలు పెట్టేస్తే సరి. బొమ్మల కొలువు మాదిరి ఉంటుంది."

పూలదుప్పటి ఆయనే ఇంటి నుంచి తెచ్చినాడు.

పూణే ఇంజనీరు చెప్పిన వేళకే వచ్చినాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. మేనేజరు క్యాబిన్లో టీ తాగి గదికి వచ్చినాడు. కుందేలును చూసినాడు, ఏనుగును ఇంకొంచెంసేపు చూసినాడు, ఏమీ అడగలేదు. ఒక్కొక్క బిగింపునూ వెర్నియర్ స్కేలు పెట్టి కొలిచినాడు. చివరికి ఊయల పక్కన మోకాళ్ళ మీద కూర్చొని థర్మామీటరు చదవడం మొదలుపెట్టినాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ. వెనకాల ముఖం పాలిపోయిన వాచ్‌మ్యాను. పొద్దున చూడాల్సిన ఇంకో ఫ్యాక్టరీ ఏదో మూసి ఉందట, అందుకని నేరుగా ఇక్కడికే వచ్చేసిందట. నిమిషంలో మేనేజరు కూడా పరుగున వచ్చినాడు.

ఆమె గోడలు చూసింది, రాకు చూసింది, ఊయల ముందు టై కట్టుకొని మోకరించి ఉన్న మనిషిని చూసింది.

"బిడ్డలు ఎక్కడ?" అని అరవంలో అడిగింది.

"ఇవాళ ఎవరూ రాలేదు మేడం," అన్నాడు మేనేజరు.

"వీరెవరు?"

ఇంజనీరుకు అరవం రాదు, అయినా తన గురించే అడుగుతున్నారని అర్థమై లేచి నిలబడి ఇంగ్లీషులో మర్యాదగా చెప్పినాడు, రిలాక్సేషన్ చూడ్డానికి వచ్చినానని.

"రిలాక్సేషన్ మంచిదే," అంది ఇన్‌స్పెక్టరమ్మ, తనూ ఇంగ్లీషులోనే. "కానీ మీరు ఇక్కడ చేయకూడదు కదా. ఇది పిల్లలది."

ఇంజనీరు మేనేజరు వైపు తిరిగినాడు. "పిల్లలదా? రిపోర్టులో కంట్రోల్డ్ టెస్ట్ రూమ్ అని కదా రాసినారు?"

ఇన్‌స్పెక్టరమ్మ కూడా మేనేజరు వైపే తిరిగింది. "టెస్ట్ రూమా?"

మేనేజరు నన్ను చూసినాడు. నేను థర్మామీటరును చూసినాను. ఆ గది నిజంగా కంట్రోల్డ్ రూమే, వేడి అర డిగ్రీ కూడా పెరగలేదు. మేనేజరు నుదుటి మీద చెమట మాత్రం ఎట్లా వచ్చిందో తెలియదు.

ఆయన వాచ్‌మ్యానును దగ్గరికి పిలిచి చెవిలో చెప్పినాడు. ప్యాకింగులో ఉండే ఆ అమ్మాయిని, బిడ్డతో సహా, వెంటనే తీసుకురమ్మని. కొద్దిసేపట్లో ఆమె వచ్చింది, ఒక్కతే. చేతులకు అట్టపొడి. పిలిచినవాళ్ళు బిడ్డ సంగతి చెప్పలేదో, చెప్పినా వినిపించుకోలేదో.

"నీకు చిన్నబిడ్డ ఉందా అమ్మా?" అని ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది.

"ఉందండి."

"ఎక్కడ వదిలినావు?"

"గేటు ఎదురుగా టీకొట్టులో."

"చట్టం ప్రకారం ఇంత మంచి గది పెట్టుకొని టీకొట్టులో ఎందుకు?"

ఆ పిల్ల మేనేజరును చూసింది, నన్ను చూసింది. ఇన్నిరోజుల ఉక్రోషం అంతా ఇప్పుడు బయటపడుతుందనే అనుకున్నాను. ఆమె పనికి వచ్చే ముప్పు, మా పనికి వచ్చే ముప్పు, రెండూ నా కళ్ళ ముందు తిరిగినాయి. ఆమె కొంగుకు చేతులు తుడుచుకొని మెల్లగా చెప్పింది.

"ఇదిగో, ఇప్పుడు తీసుకొచ్చేదానికే పోతున్నానండి. ఇవాళ నుంచి బిడ్డను ఇక్కడే ఉంచుకోమని సారే చెప్పినారు. రోజూ ఉంచుకోవచ్చని."

అని మేనేజరు వైపు తిరిగి, "అంతే కదా సార్?" అంది.

"అవునవును," అన్నాడు ఆయన. అంతకంటే వేరే మాట ఆ క్షణంలో ఎవరికీ దొరకదు.

ఆమె పోయి బిడ్డను తెచ్చింది. బిడ్డ నోటి నిండా బన్ను. ఊయలలో కూర్చోబెడితే మొదట చేసిన పని థర్మామీటరును పట్టుకొని లాగడం. ఇంజనీరు చటుక్కున దాన్ని అందుకొని జేబులో పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మకు ఇప్పుడు రాకు మీద దృష్టి పడింది. ఇవేమిటని నన్నడిగింది. చెప్పినాను. ఆమె శ్రద్ధగా వినింది. మా చిన్నత్త కంటే బాగానే అర్థం చేసుకుంది.

"ఊడితే?"

"ఊడవు మేడం, గట్టిగా బిగించినాము."

"ఊడతాయా అని అడగలేదు. ఊడితే ఏమవుతుంది?"

"ఎదురుగా ఉండేదానికి తగులుతుంది మేడం."

ఎదురుగా ఊయల ఉంది. ఆమె దాన్ని చూసి, మేనేజరుతో చాలా నెమ్మదిగా చెప్పింది. "సాయంత్రంలోగా ఇవి ఈ గదిలో ఉండకూడదు."

ఇంజనీరుకు నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పినాను. ఆయన తల ఊపినాడు. మార్చుకోవచ్చన్నాడు. కానీ ఇదే చల్లదనం, రాత్రింబవళ్ళు, ఒక్క గంట కూడా తెగకుండా ఉండాలన్నాడు. లేకుంటే పరీక్ష మొదటికి వస్తుందని చెప్పినాడు.

"అట్లాంటి గది మా దగ్గర ఇంకోటి లేదు సార్," అన్నాడు మేనేజరు, నిజమైన బాధతో.

ఇంజనీరు వెర్నియర్ సంచిలో పెట్టుకున్నాడు. "పొద్దున మనం టీ తాగిన గది చాలా హాయిగా ఉండిందే."

ఆ మధ్యాహ్నమే ట్రాలీ మీద మెత్తలు వేసి, స్ప్రింగుల్ని ఒక్కొక్కటిగా మేనేజరు క్యాబినుకు చేర్చినాము. వచ్చినవాళ్ళు కూర్చొనే సోఫా బయటికి పోయింది, రాకు లోపలికి వచ్చింది. రాకు సరిగ్గా ఆయన కుర్చీ వెనక పడింది. ఇన్‌స్పెక్టరమ్మ ప్రశ్న గుర్తుండి, నడమ ఒక మందపాటి ఇనుప రేకు అడ్డం పెట్టించినాను. పూలదుప్పటి ఊయలలోకి పోయింది.

ఏసీ రిమోటు నా దగ్గరే ఉంచుకున్నాను. అంతవరకూ ఆయన మధ్యాహ్నం భోజనమయినాక ఏసీ తగ్గించుకొని కాసేపు కళ్ళు మూసుకొనేవాడు. ఇప్పుడు ఆ వీలు లేదు. వానకాలం వచ్చేసరికి స్వెట్టరు వేసుకున్నాడు. తర్వాత వాళ్ళింటావిడ మఫ్లరు పంపింది.

"ఒక్క డిగ్రీ పెంచితే ఏమవుతాదమ్మా? ఎవరికి తెలుస్తాది?" అని ఒకరోజు అడిగినాడు.

"స్ప్రింగుకు తెలుస్తుంది సార్."

ఆయన మఫ్లరు సర్దుకున్నాడు. ఎండాకాలంలో మాత్రం ఆయన పలుకుబడి అమాంతం పెరిగింది. షెడ్డు నిప్పులు చెరుగుతుంటే ప్రతి డిపార్టుమెంటు వాళ్ళకూ ఆయనతో ఏదో మాట్లాడాల్సిన పని పడేది. అడిగింది చెప్పేసినా ఎవరూ కదిలేవాళ్ళు కాదు.

నిజం చెప్పాలంటే ఆ స్ప్రింగుల మీద ఆయనకు మెల్లగా పట్టింపు పెరిగింది. ఆయుధపూజ రోజు పూజారి వాటికి కూడా గంధం కుంకుమ పెట్టబోతే ఆయనే అడ్డం పోయినాడు, రాకుకు పెట్టండి చాలని. ఒక పొద్దున నేను తిరుత్తణి స్టేషన్లో ట్రైను కోసం నిలబడి ఉంటే ఫోను చేసినాడు.

"ఏసీ ఆగిపోయింది. ఎంతసేపట్లో వస్తావు?"

"ట్రైనే రాలేదు సార్. మెకానిక్కుకు ఫోను చేయండి."

"వాడు ఎత్తడంలేదు. సెరి, నువ్వు మెల్లగా రా," అని పెట్టేసినాడు.

నేను పోయి చూస్తే ఏసీ నడుస్తా ఉంది. మెకానిక్కు కుర్చీలో కూర్చొని టీ తాగుతున్నాడు, కాళ్ళకు చెప్పులు లేవు. మేనేజరే వాళ్ళింటికి పోయి నిద్ర లేపి, స్కూటరు మీద ఎక్కించుకొచ్చినాడట. స్ప్రింగుల చుట్టూ తడిగుడ్డలు కప్పి ఉన్నాయి. తుప్పు పడుతుంది సార్ అని నేను వాటిని ఒక్కొక్కటే తీసి తుడుస్తుంటే, ఆయన చిన్నబుచ్చుకున్నట్టు అటు తిరిగి కూర్చున్నాడు.

అక్కడ పిల్లల గదిలో ఒక బిడ్డ కాస్తా నాలుగైదు అయినాయి. చూసుకొనేదానికి ఆయా కావాలంటే టీకొట్టు ఆమెనే అడిగినారు. ఆమె కొట్టును మొగుడికి అప్పజెప్పి వచ్చి చేరింది. పిల్లలకు మంచిదైంది, టీకి కాలేదు. చెక్కగుర్రం కవరు తీసినారు. ఏనుగును పిల్లలందరూ పంది అనే పిలుస్తారు.

ఏడాది నిండిన రోజున స్ప్రింగుల్ని ల్యాబుకు తెచ్చి విప్పినాము. ఇంజనీరు ఫోన్లో వీడియో పెట్టుకొని చూసినాడు. మేనేజరు నా పక్కనే నిలబడినాడు, ఫలితాలు చెప్పేటప్పుడు బడి బయట నిలబడే తండ్రి మాదిరి. బోల్టు వదిలి, లోడ్ టెస్టరులో మళ్ళీ అదే ఎత్తుకు నొక్కి చూస్తే బలం తగ్గింది గానీ, చాలా కొంచెమే. వాళ్ళు పెట్టిన హద్దుకు ఎంతో లోపలే ఉంది. పోల్చి చూసేదానికని, ముందుగానే పూర్తిగా నొక్కి వదిలి స్థిరపరచకుండా పెట్టినవి కొన్ని ఉండినాయి. అవి మాత్రం బాగా దిగజారినాయి. అట్లా అవుతుందని మాకు తెలిసిందే.

రిపోర్టు పంపినాము. జవాబు వచ్చేదానికి వారం పట్టింది. మేనేజరు క్యాబిన్లో దాన్ని గట్టిగా చదివినాడు. ఫలితాలు చాలా సంతోషకరంగా ఉన్నాయట. ఈలోగా వాళ్ళు వాల్వు డిజైను మార్చినారట, ఆ స్ప్రింగు ఇంక వాడరట. కొత్త స్ప్రింగు కొలతలు జతచేసినారట. దయచేసి దాంతో ఏడాది పరీక్ష మొదలుపెట్టమన్నారు.

ఆయన కంప్యూటరును కాసేపు చూసినాడు, తర్వాత వెనక ఖాళీ రాకును చూసినాడు. సోఫా తిరిగి రప్పించేదానికి ఆ పొద్దునే మనుషుల్ని పురమాయించి ఉన్నాడు. ఫోను తీసి వాళ్ళను వద్దన్నాడు.

"ఇక్కడే పెట్టు. ఇంకోచోటు వెతికేదానికి నాకు ఓపిక లేదు," అన్నాడు. అరవంలో అన్నాడు కాబట్టి అది నిజమే అయ్యుంటుంది.

ఆ తల్లి ఇప్పుడు మా దగ్గర లేదు. మొగుడు రేవులో పర్మనెంటు అయినాడని ఉత్తరం వైపు కాపురం మార్చినారు. పోయే ముందు బిడ్డతో ల్యాబుకు వచ్చి, "పోయొస్తాం అక్కా" అని చెప్పింది. బిడ్డ నా వెర్నియర్ అడిగింది, ఇవ్వలేదని ఏడ్చింది.

మొన్నామధ్య ఫోను చేసింది. కవరైపేట్టై దగ్గర ఏదో కంపెనీలో చేరిందట. రెండో బిడ్డ పుట్టి ఆరునెలలు.

"అక్కా, ఈడ అంతమంది ఆడోళ్ళం ఉండాము, పిల్లల రూము లేదు. బోర్డు కూడా లేదు. అడిగితే అట్లాంటి రూలే లేదంటారు. ఏదో చట్టం ఉండాదని ఆ పొద్దు ఆ మేడం చెప్పె గదా. దాని పేరేంది?"

నాకు తెలియదు. అంతకాలం ఆ గదిలో కూర్చున్నా ఎప్పుడూ కనుక్కోలేదు. కనుక్కొని చెప్తానని మేనేజరు దగ్గరికి పోయినాను. ఆయన మఫ్లరు కొంచెం కిందికి లాగి, చట్టం పేరూ, అందులో ఆ గది గురించి ఎక్కడ రాసి ఉందో అదీ గడగడా చెప్పేసినాడు. అంత బాగా తెలుసునని నేను అనుకోలేదు.

"ఎవరికి?" అన్నాడు.

చెప్పినాను. ఆయన కాసేపు పేపరు వెయిటు తిప్పుతా కూర్చున్నాడు.

"నోటితో అడగొద్దని చెప్పు. నోటితో అడిగితే మేము అవునవును అని పంపించేస్తాము. రాసి ఇయ్యమను, పదిమంది కలిసి."

అదంతా ఆమెకు ఫోన్లో చెప్పబోతే వినబడే చోటు కాదంది, మెసేజి పెట్టమంది. తెలుగులో పెడితే చదవలేనంది. ట్రైనులో కిటికీ పక్కన సీటు దొరికితే, తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా కూడబలుక్కుంటా అరవం అక్షరాల్లో రాసి పంపినాను. అందులో రెండు మూడు తప్పులు దొర్లుంటాయి. ఆమె వెంటనే చదివినట్టు నీలం గుర్తు పడింది. జవాబు ఇంకా రాలేదు.